వంటింటి త్రాసు

పుస్తకాల గురించి రాసుకునే ఈ చోట వీపు మీది మూటల సంగతేమిటని ఎవరికైనా అనిపిస్తే, ముందే ఒక మాట చెప్పుకుంటాను. ఈ వ్యాసంలో పుస్తకాలున్నాయి. వాటిలో ఒకదాన్ని చదవడానికి ముందు తూచాను కూడా.

2014 అక్టోబరులో, యాభై నాలుగో ఏట, నేను మొదటిసారి తిండీ పడకా వీపున వేసుకుని అడవిలోకి బయలుదేరాను. జార్జియా నుంచి మెయిన్ దాకా దాదాపు 2,190 మైళ్ళు సాగే అపలాచియన్ ట్రెయిల్‌లో 101 మైళ్ళు వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్కులో ఉన్నాయి. ఫ్రంట్ రాయల్ దగ్గర మొదలుపెట్టి ఆ నూటొక్క మైళ్ళూ నడవాలని సంకల్పం. తోడు నా మిత్రుడొకడు. మా జిల్లావాడే, మెకానికల్ ఇంజనీరు, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నా మూట బరువు 43 పౌండ్లు. ఈ లెక్క బయలుదేరేముందు తెలిసింది కాదు. తిరిగి వచ్చాక, తిన్న తిండిని కూడా కలుపుకుని తేల్చినది. మూడో రోజు మధ్యాహ్నం, ఇరవై ఎనిమిది మైళ్ళు నడిచి థార్న్‌టన్ గ్యాప్‌కు దిగుతుండగా, నా కుడి మోకాలు ఇక దిగనని మొరాయించింది. రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చిన మా ఆవిడ, నా మూటను డిక్కీలోకి ఎత్తబోయి, ఎత్తలేక, “ఇందులో ఎవరున్నారండీ?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

మోకాలికి ఐసు పెట్టుకుని కూర్చున్న సాయంత్రాల్లో, నడకను గురించిన పుస్తకాలు వరుసగా తెప్పించుకుని చదివాను. ఓడిన ఆటను గురించి చదవడం కొందరికి రుచించదు. నాకు అదొక ఉపశమనం. మొదట కోలిన్ ఫ్లెచర్ రాసిన ‘ది కంప్లీట్ వాకర్’. 1968లో వచ్చిన ఈ పుస్తకం ఒక తరం అమెరికన్లకు వీపున మూట వేసుకోవడం నేర్పింది. మూటను ఫ్లెచర్ ఒక ఇల్లుగా చూస్తాడు. పునాది, గోడలు, వంటగది, పడకగది, బట్టల అల్మరా - అధ్యాయాల పేర్లు కూడా అలాగే ఉంటాయి. వాక్యం మీద గొప్ప అధికారం ఉన్న రచయిత. గరిటె గురించి రెండు పుటలు రాసినా చదివిస్తాడు. అయితే ఇల్లంటూ కట్టాక అందులో సామాను చేరకుండా ఉండదు. నా 43 పౌండ్లలో చాలా భాగం ఫ్లెచర్ తరం లెక్కలే.

తరువాత రే జార్డైన్. ఈయన విమానయాన పరిశ్రమలో పనిచేసిన ఇంజనీరు. కొండరాళ్ళ పగుళ్ళలో దోపి తాడు కట్టుకునే ‘ఫ్రెండ్స్’ అనే పరికరాన్ని కనిపెట్టిన పర్వతారోహకుడు. భార్య జెన్నీతో కలిసి 1987లో, 1991లో, 1994లో మూడుసార్లు పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ నడిచాడు. అది మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 2,600 మైళ్ళకు పైబడిన దారి. 1992లో ఆయన అచ్చువేసిన చేతిపుస్తకం నుంచే ఈనాడు ‘అల్ట్రాలైట్’ అనే పద్ధతి పుట్టిందంటారు. గుడారానికి బదులు ఒక పలుచని గుడ్డ పైకప్పు, స్లీపింగ్ బ్యాగుకు బదులు అడుగుభాగం లేని బొంత, చర్మపు బూట్లకు బదులు పరుగు జోళ్ళు, వానకూ ఎండకూ ఒకే గొడుగు. ఆయన వాదన ఇంజనీరు వాదనే: మూట తేలికైతే రోజుకు ఎక్కువ దూరం నడుస్తాం, ఎక్కువ దూరం నడిస్తే తరువాతి ఊరికి తక్కువ రోజుల్లో చేరతాం, తక్కువ రోజులకు తక్కువ తిండి చాలు, కాబట్టి మూట ఇంకా తేలికవుతుంది. తేలికైన మూటకు తేలికైన సంచీ చాలు. తేలికైన సంచీకి బరువు బూట్లు అక్కరలేదు. ఆయన గొంతులో మతప్రచారకుడి ధీమా ఒకటి నన్ను మొదట చికాకు పెట్టింది. పుస్తకం సగానికి వచ్చేసరికి, చికాకు ఆయన మీద కాదని, ఆయన చెప్పేది నిజమవుతున్నందుకని అర్థమయింది.

ఈ పద్ధతివాళ్ళు తిండి, నీరు, వంట ఇంధనం తీసివేసి మిగిలినదాన్ని ‘బేస్ వెయిట్’ అంటారు. అవి మూడూ రోజురోజుకూ తగ్గి మళ్ళీ నిండేవి. మిగిలినది మొదటి మైలు నుంచి చివరి మైలు దాకా మారనిది. అది పది పౌండ్లకు లోపుంటే అల్ట్రాలైట్. నాది 25.

వైద్యుడిగా నేను సిగ్గుపడవలసిన విషయం ఇక్కడే ఉంది. శరీరం బరువును ఎలా మోస్తుందో నాకు తెలియనిది కాదు. 1969లో సూల్, గోల్డ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు తల మీద, చేతుల్లో, పాదాల మీద బరువులు పెట్టి మనుషులను నడిపించి కొలిచారు. పాదానికి కట్టిన బరువుకు, అదే బరువు మొండేనికి ఉన్నప్పటికంటే నడక వేగాన్నిబట్టి నాలుగు నుంచి ఆరు రెట్ల శక్తి ఖర్చయింది. ప్రతి అడుగుకూ పాదాన్ని ఎత్తి, ముందుకు విసిరి, మళ్ళీ ఆపాలి కదా. అంటే నేను ముచ్చటపడి కొన్న మూడు పౌండ్ల బూట్లు వీపు మీద పన్నెండు పౌండ్లకు తక్కువ కాదు. ఇక మోకాలి సంగతి. మోకాలి అరుగుదల ఉన్న స్థూలకాయుల మీద 2005లో వచ్చిన మెస్సియర్ బృందం పరిశోధన ఒకటుంది: ఒంటి బరువు ఒక పౌండు తగ్గితే, ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం నాలుగు పౌండ్లు తగ్గుతుంది. ఈ వాక్యాన్ని నేను క్లినిక్కులో వారానికి నాలుగుసార్లు రోగులకు చెబుతాను. చెప్పి, వాళ్ళు బయటికి వెళ్ళాక, గుడారం కొనడానికి కంప్యూటరు తెరిచేవాణ్ణి. నా నడుము చుట్టూ ఉన్న పద్నాలుగు పౌండ్లను ఏ కంపెనీ టైటానియంతో తయారుచేసి ఇవ్వదు. ఆ ఏడాది తొమ్మిది తగ్గాను. అందుకు డబ్బు ఖర్చు కాలేదు. మిగిలిన తేలికతనానికి మాత్రం అయింది. రెండు పౌండ్ల గుడారం ఆరు పౌండ్ల గుడారానికి రెండింతల ధర ఎందుకుంటుందో, లేని దానికి డబ్బెందుకు కట్టాలో మా ఆవిడకు ఇప్పటికీ నచ్చజెప్పలేకపోయాను.

2015 ఆగస్టులో ఒక శనివారం రాత్రి మిత్రుడు మా ఇంటికి వచ్చాడు. భోజనాలయ్యాక బల్ల తుడిచి, వంటింటి త్రాసు మధ్యలో పెట్టి, నా మూటను విప్పించాడు. ఒక్కొక్క వస్తువే త్రాసులో పెట్టడం, బరువు కాగితం మీద రాయడం, ఒకే ప్రశ్న అడగడం.

“ఇది దేనికి భయపడి పెట్టారు డాక్టరుగారూ?”

ప్రశ్న అతని సొంతం కాదు. మోసేవన్నీ మన భయాలేనన్నది ఈ నడకవాళ్ళలో వాడుకలో ఉన్న మాట. కాని మన బల్ల మీద, మన వస్తువుల ముందు, మన భాషలో అడిగితే అది వేరుగా వినిపిస్తుంది. రెండో టార్చిలైటు: చీకటి. మూడో చొక్కా: చలి కాదు, వాసన, నలుగురిలో పలచనవుతానేమోనని. గాజు సీసాలో ఆవకాయ, పౌనున్నర పైచిలుకు: ఇది నా భయం కాదు, మా ఆవిడది. ఆమె వంటింట్లోంచే, “ఆ సీసా జోలికి రాకండి,” అంది. చివరికి సీసా ఉండిపోయింది, ఆవకాయ ప్లాస్టిక్ పొట్లంలోకి మారింది.

ఎర్ర జిప్పు సంచీ దగ్గర ఆట ఆగింది. 2 పౌండ్ల 12 ఔన్సులు. అందులో రక్తపోటు చూసే పట్టీ, స్టెతస్కోపు, కుట్లు వేసే సామగ్రి, రెండు రకాల యాంటీబయాటిక్కులు, గొంతులో పెట్టే గొట్టం, ఆస్పిరిన్, ఎపినెఫ్రిన్ ఆంప్యూళ్ళు, సిరంజిలు, ఉప్పునీటి సీసా. మిత్రుడు అలవాటుగా అడిగాడు. నేను, “వృత్తి కదా,” అన్నాను. అతను కాగితం మీద ఆ సంఖ్య రాసి, ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టి, తరువాతి వస్తువుకు వెళ్ళాడు.

వృత్తి కాదు. 1984 డిసెంబరులో, హౌస్‌సర్జన్సీ ముగించి రాత్రి రైల్లో ఇంటికి వెళుతున్నాను. అర్ధరాత్రి దాటాక రెండు పెట్టెల అవతల ఒకాయనకు ఊపిరి ఆడడం లేదని, ఎవరైనా డాక్టరున్నారా అని కేకలు. వెళ్ళాను. అరవై ఏళ్ళుంటాయి. కిటికీ చువ్వ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కూతురు. నా దగ్గర ఏమీ లేదు. స్టెతస్కోపు కూడా ట్రంకుపెట్టెలో వేసి ముందే ఊరికి పంపేశాను. ఆయనను నిటారుగా కూర్చోబెట్టాను. చొక్కా గుండీలు విప్పాను. నాడి పట్టుకుని కూర్చున్నాను. తరువాతి స్టేషను నలభై నిమిషాలు. ఇరవై అయిదో నిమిషంలో నాడి నా వేళ్ళ కింద ఆగిపోయింది. అది ఉబ్బసమో, గుండెజబ్బో నాకు ఈనాటికీ తెలియదు. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. దిగేటప్పుడు, “మీ నిద్ర పాడయింది బాబూ,” అంది.

అప్పటినుంచి నా ప్రయాణపు సంచీల్లో ఒక మందుల సంచీ ఉంటూ వస్తోంది. ముప్ఫై ఏళ్ళలో దాన్ని విమానంలో రెండుసార్లు, పెళ్ళిలో ఒకసారి తెరిచాను. ఆ రాత్రి మిత్రుడు వెళ్ళిపోయాక ఒక్కణ్ణే కూర్చుని ఎర్ర సంచీని మళ్ళీ తూచి, ఆరు ఔన్సులకు దించాను. కట్టుగుడ్డ, అంటుపట్టీ, ఆస్పిరిన్, అలర్జీ మాత్రలు, నొప్పి మాత్రలు. ఎపినెఫ్రిన్‌ను తీసి బయటపెడుతూ, మా ఇద్దరికీ అలర్జీలు లేవు కదా అనుకున్నాను. దాని బరువు సిరంజితో కలిపి 30 గ్రాములు లేదు.

ఇక పుస్తకం. షెరిల్ స్ట్రెయిడ్ 1995లో పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ మీద పదకొండు వందల మైళ్ళు నడిచి, 2012లో ‘వైల్డ్’ రాసింది. తన మూటకు ఆమె పెట్టుకున్న పేరు మాన్‌స్టర్. బరువు తగ్గించుకోవడానికి, చదివిన పుటలను చదివినట్టే మంటలో వేసేది. ఫాక్నర్ కూడా అలా కాలిపోయాడు. ఆ పుటల దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు పక్కన పెట్టాను. కాలు తగిలితే పుస్తకాన్ని కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినవాణ్ణి. పౌండు తగ్గడం కోసం పుట చింపడం నా వల్ల కాదు. చివరికి ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’లోంచి నాకిష్టమైన భాగాలు నలభై కాగితాలకు జెరాక్సు తీసుకున్నాను. 180 గ్రాములు. మిత్రుడు చూసి, “ఇది ఏ భయం?” అన్నాడు. “సాయంత్రాలు,” అన్నాను.

సెప్టెంబరులో, ఆగిపోయిన థార్న్‌టన్ గ్యాప్ నుంచే దక్షిణంగా బయలుదేరాం. బేస్ వెయిట్ 13 పౌండ్లు. పది పౌండ్ల గీత దాటలేకపోయాను. దారిలో బిగ్ మెడోస్ దగ్గర, లాఫ్ట్ మౌంటెన్ దగ్గర కొట్లున్నాయి కనుక నాలుగు రోజుల తిండే పెట్టుకున్నాను. నీళ్ళు రెండు లీటర్లు. అంతా కలిపి ఇరవై నాలుగు పౌండ్ల చిల్లర. తేడా ఎలాంటిదని అడిగితే, మొదటి ఏడాది నేను చూసింది దారిలోని రాళ్ళను మాత్రమే. తల ఎత్తితే మూట వెనక్కి లాగేది. ఈసారి చెట్లు కనిపించాయి. స్టోనీ మాన్ శిఖరం మీద మూట దించకుండానే అయిదు నిమిషాలు నిలబడి లోయను చూశాను. నిలబడ్డానన్న సంగతి తరువాతగాని గుర్తుకు రాలేదు. మోకాలు అప్పుడప్పుడు గొణిగింది, ఎదురు తిరగలేదు.

మొదటి రాత్రి మూడుగోడల బసలో, నుదుటి దీపం వెలుగులో వీరాస్వామయ్యను తీశాను. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. వెంట దాదాపు వందమంది పరివారం, డేరాలు, పల్లకీ. ప్రతి మజిలీలోనూ నీటి వసతి, బస వసతి, దొరికే సరుకులు రాసుకుంటూ పోయాడు. ఇప్పటి నడకవాళ్ళ దినచర్యలకు ఆ రాతకు ఎంత పోలికో చూస్తే నవ్వొస్తుంది. ఒకటే తేడా. ఆయన మూట బోయీల భుజాల మీద ఉంది. నా బరువు నేనే మోస్తున్నానన్న గర్వం ఒక పుట పాటు హాయిగా అనుభవించాను. తరువాత మరొకటి గుర్తొచ్చింది. నేపాలు కూలీల మీద 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన. ఎవరెస్టు వైపు సంతకు సరుకులు మోసుకుపోయే మగవాళ్ళు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం, ఆడవాళ్ళు 66 శాతం మోస్తున్నారు. నుదుటికి పట్టీ తగిలించి, నెమ్మదిగా, మాటిమాటికీ ఆగుతూ. నన్ను మూడు రోజుల్లో కూలదోసిన 43 పౌండ్లు నా ఒంటి బరువులో నాలుగో వంతు. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసుకోవడం అక్కడ ఎవరికీ తోచదు. బరువు తగ్గించుకోవడమనే ముచ్చట, ఎంత మోయాలో తానే నిర్ణయించుకోగలిగినవాడిది. ఈ మాట జార్డైన్ పుస్తకంలో నాకు కనిపించలేదు, ఫ్లెచర్‌లోనూ కనిపించలేదు.

రెండో సాయంత్రం బిగ్ మెడోస్ దాటి, మరో బసకు చేరేసరికి అక్కడ ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళున్నారు. వాళ్ళలో ఒకడు కట్టెలు ఏరుతూ నేలలో ఉన్న కందిరీగల గూడు తొక్కాడు. ఇక్కడ యెల్లోజాకెట్ అనే ఈ పసుపుచారల కందిరీగలు ఎండాకాలం చివర్లో మహా కోపంగా ఉంటాయి. ఏడో ఎనిమిదో కుట్టాయి. పది నిమిషాల్లో మెడ నుంచి తొడల దాకా దద్దుర్లు లేచాయి. పెదవి వాచింది. నేను డాక్టర్నని మిత్రుడు చెప్పేశాడు. ఆ కుర్రవాడు నా ఎర్ర సంచీ వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

అలర్జీ మాత్రలు రెండు మింగించాను. అవి దద్దుర్లకు పనికొస్తాయి; గొంతు మూసుకుపోతే పనికిరావు. అప్పుడు కావలసినది ఎపినెఫ్రిన్ ఒక్కటే. అది మా ఇంట్లో, బల్ల మీద ఉంది. మిత్రుడు అరమైలు పైకి, స్కైలైన్ డ్రైవ్ రోడ్డు మీదికి, ఫోను సిగ్నల్ కోసం పరుగెత్తాడు. నేను ఆ అబ్బాయిని గోడకు ఆనించి కూర్చోబెట్టి, నాడి పట్టుకున్నాను. రొమ్ముకు చెవి ఆనించి పిల్లికూతలు వినిపిస్తాయేమోనని విన్నాను. వినిపించలేదు. మళ్ళీ విన్నాను. మాట్లాడించాను, గొంతు మారుతుందేమోనని. వాడు ఏం చదువుతున్నాడో, వాళ్ళమ్మ ఏం చేస్తుందో అన్నీ అడిగాను. రేంజరు రావడానికి గంటన్నర పట్టింది. అప్పటికి పెదవి వాపు తగ్గుముఖం పట్టింది; దద్దుర్లు చల్లారుతున్నాయి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టవచ్చునని చెప్పి, రాత్రికి ఆసుపత్రిలో ఉంచమని పంపించాను. వెళుతూ వాడు నాకు కృతజ్ఞతలు చెప్పాడు. నేను చేసింది మాత్రలివ్వడం, కూర్చోవడం.

ఆ రాత్రి వీరాస్వామయ్యను తెరవలేదు. ఆ కాగితాలు తలకింద పెట్టుకుని, 180లోంచి 30 తీసివేస్తూ పడుకున్నాను. మిత్రుడు చీకట్లో, “మీరు తీసేస్తుంటే నేనే ఆపాల్సింది,” అన్నాడు. అతను అప్పటికి వెళ్ళిపోయాడని నేను చెప్పలేదు.

మిగిలిన దారి నడిచాం. రాక్‌ఫిష్ గ్యాప్ దగ్గర ముగించాం. దాని గురించి చెప్పవలసినది పెద్దగా లేదు; వాన పడింది, బాగుంది.

ఆ చలికాలం బెన్ మాంట్‌గొమరీ రాసిన ‘గ్రాండ్మా గేట్‌వుడ్స్ వాక్’ చదివాను. ఎమ్మా గేట్‌వుడ్ ఒహాయో రైతు కుటుంబంలో మనిషి. పదకొండుగురు పిల్లల తల్లి. ఏళ్ళ తరబడి భర్త చేతి దెబ్బలు తిని, చివరికి విడాకులు తీసుకున్న మనిషి. 1954లో మెయిన్‌లో మొదలుపెట్టి, దారి తప్పి, కళ్ళజోడు పగలగొట్టుకుని వెనక్కి వచ్చింది. 1955లో, 67 ఏళ్ళ వయసులో, నడిచి వస్తానని మాత్రం పిల్లలకు చెప్పి జార్జియా నుంచి బయలుదేరి మెయిన్‌లోని కటాడిన్ శిఖరం దాకా నడిచింది. అపలాచియన్ ట్రెయిల్‌ను ఒంటరిగా, ఒకే విడతలో ముగించిన మొదటి స్త్రీ ఆమె. కాన్వాసు జోళ్ళు, తానే కుట్టుకున్న డెనిమ్ గుడ్డ సంచీ ఒక భుజాన, వానకు స్నానాలగది ప్లాస్టిక్ తెర. గుడారం లేదు, స్లీపింగ్ బ్యాగూ లేదు. అల్ట్రాలైట్ వాళ్ళు ఆమెను కులదేవతలా కొలుస్తారు.

నేను మొదట వెతికింది ఆమె మందులు. బ్యాండ్ఎయిడ్ల డబ్బా, అయొడిన్ సీసా, విక్స్. మా అమ్మమ్మ కాశీకి వెళ్ళినా అంతే తీసుకెళ్ళేది. అయొడిన్ బదులు పసుపు, విక్స్ బదులు అమృతాంజనం. రెండోసారి చదివినప్పుడు ఇంకొకటి కనిపించింది. ఆమె సంచీలో లేని గుడారం దారి పొడుగునా ఇతరుల ఇళ్ళలో ఉంది. చీకటి పడితే తలుపు తట్టేది. కొందరు పడకా భోజనమూ ఇచ్చారు, కొందరు పొమ్మన్నారు, అప్పుడు ఆకులు పోగుచేసుకుని పడుకుంది. ఆ ఏడాది తుపానుల్లో పొంగిన ఒక వాగును ఇద్దరు యువ నావికులు ఆమెను దాటించారు. ఆమె మూట తేలిక కావడంలో తెలియనివాళ్ళ భుజం ఎంత ఉందో మాంట్‌గొమరీ దాచలేదు. ఆమెను ఆదర్శంగా చెప్పేవాళ్ళే ఆ పుటలు తొందరగా తిప్పేస్తారనుకుంటాను. ఆ పుటల దగ్గర నాకు ఆ కందిరీగల కుర్రాడు గుర్తొచ్చాడు. ఆ సాయంత్రం వాడి సంచీలో లేనిది నా సంచీలో ఉండి ఉండవలసింది.

ఇప్పుడు నా ఎర్ర సంచీ తొమ్మిది ఔన్సులు. పెన్నులాంటి ఎపినెఫ్రిన్ సూదులు రెండు అందులో చేరాయి. నాకు అలర్జీలు ఇప్పటికీ లేవు. రక్తపోటు పట్టీ ఇంట్లోనే ఉంటుంది. పోయిన నెల కొత్త నడకకు తూచుకునేటప్పుడు మిత్రుడు ఆ సూదులను త్రాసులో పెట్టి, బరువు రాసుకుని, ప్రశ్న అడగకుండా పక్కన పెట్టాడు. 1984 సంగతి అతనికి ఈమధ్యే చెప్పాను. తరువాత వీరాస్వామయ్యను త్రాసులో పెట్టి నా వైపు చూశాడు.

“సగమే ఉందే,” అన్నాడు.

ఈసారి కాగితానికి రెండువైపులా అచ్చు తీశాను.